టిక్స్‌తో ఆటిస్టిక్ పెద్దవాళ్లు: ఏది ఆపాలి, ఏది వదిలేయాలి

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఇక్కడ టిక్స్, అంటే వాటంతటవే పదేపదే వచ్చే చిన్న కదలికలు, శబ్దాలు ఉన్నవాళ్లు చాలామంది కూర్చున్నారు. శబ్దం వస్తే రానివ్వండి, కదలిక వస్తే రానివ్వండి. లేచి తిరగాలనిపిస్తే వెనక బోలెడు చోటుంది. పక్కవాళ్లు మాత్రం తలతిప్పి చూడకండి, అంతే. ఇంకో సంగతి. టిక్స్ గురించి మాట్లాడుతుంటేనే టిక్స్ పెరుగుతాయి. ఈ గంటసేపు మీకు మామూలు కన్నా ఎక్కువ వస్తే కంగారుపడకండి, ముదిరిపోయిందనుకోకండి. వింటున్న విషయం అలాంటిది. ముందువైపు లైట్లు కళ్లలో పడుతున్నాయని ఒకరు చీటీ పంపారు. ఆ రెండూ ఆర్పేయండి. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఇవాళ పెద్దవాళ్ల గురించే మాట్లాడతాను. టిక్స్ సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలవుతాయి, 10 నుంచి 12 ఏళ్ల ప్రాంతంలో బాగా పెరుగుతాయి, ఆ తర్వాత యవ్వనం దాటేసరికి చాలామందికి తగ్గుముఖం పడతాయి. "పెద్దయితే అదే పోతుంది" అని ఇంట్లో అంటారే, ఆ మాట అందుకే పుట్టింది. మరి పోనివాళ్ల సంగతేంటి? వాళ్లకు పాతికేళ్లొస్తాయి, నలభయ్యొస్తాయి, ఉద్యోగం ఉంటుంది, మెడ విదిలింపు ఉంటుంది, ఆటిజమూ ఉంటుంది. డాక్టరు దగ్గరికెళ్తే పిల్లల కోసం రాసిన కాగితం చేతిలో పెట్టి పంపించేస్తారు. ఆటిజం ఉన్నవాళ్లలో టిక్స్ మిగతా జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తాయని తెలిసి కూడా ఈ రెండిటినీ కలిపి చూసేవాళ్లు తక్కువే.

నా మాట ముందే చెప్పేస్తాను. టిక్ రోజుకు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క నాకు పెద్దగా అక్కర్లేదు. దానివల్ల నొప్పి ఎంత, అలసట ఎంత, ఏ పని ఆగిపోయింది, ఈ మూడూ చెప్పండి చాలు. గంటకు వందసార్లు ముక్కు ఎగబీల్చినా మీకు ఇబ్బంది లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. రోజుకు నాలుగుసార్లే వచ్చినా మెడ పట్టేస్తుంటే మాత్రం దాంతోనే మొదలుపెట్టాలి.

ముందు వేరుచేయడం

ఆటిజం ఉన్న మనిషి ఒంట్లో పదేపదే వచ్చే కదలికలన్నీ ఒక జాతివి కావు. ఇక్కడ తేడా తెలియక చాలా నష్టం జరుగుతుంది, కాబట్టి కొంచెం నెమ్మదిగా వెళదాం.

కుర్చీలో ముందుకూ వెనక్కూ ఊగడం తీసుకోండి. ఒకే లయలో సాగుతుంది. ఐదు నిమిషాలైనా సాగొచ్చు, అరగంటైనా సాగొచ్చు. ఊగుతుంటే హాయిగా ఉంటుంది, లేదంటే చుట్టూ ఉన్న గోల కాస్త దూరం జరిగినట్టుంటుంది. ఇలాంటివి చాలామందిలో 3 ఏళ్లలోపే మొదలై, ఏళ్లు గడిచినా ఇంచుమించు అదే రూపంలో ఉంటాయి. అది స్టిమ్మింగ్.

ఇప్పుడు మెడ విదిలింపు తీసుకోండి. అర సెకను. లయ లేదు. రెండు వరసగా రావొచ్చు, తర్వాత పది నిమిషాలు ఏమీ ఉండకపోవచ్చు. విదిలించే ముందు మెడలో ఒక బిగింపో, లోపల చీమలు పాకినట్టో, ఒత్తిడో. విదిలించగానే క్షణకాలం ఉపశమనం. మళ్లీ బిగింపు. ఆ ముందొచ్చేదాన్ని డాక్టర్లు అర్జ్ అంటారు, నేనూ అదే మాట వాడతాను. పైగా ఇది చోటు మారుతుంది. కొన్నాళ్లు మెడ, కొన్నాళ్లు భుజం, తర్వాత కనురెప్పలు. అది టిక్. కాసేపు ఆపగలరు, కానీ ఎంతసేపు? తుమ్ము ఆపుకున్నట్టే, కాసేపు.

మూడోది, తలుపు గొళ్లెం నాలుగుసార్లు తాకడం లాంటివి. తాకకపోతే ఏదో కీడు జరుగుతుందన్న భయం ఉంటుంది, లేదా ఒక లెక్క, ఒక నియమం ఉంటుంది. అది ఓసీడీ వైపు, అంటే వదలని ఆలోచనలూ వాటికోసం చేసి తీరాల్సిన పనులూ ఉండే జబ్బు వైపు వెళ్తుంది. మధ్యలో ఊగిసలాడేవి కూడా ఉన్నాయి. భయం ఏమీ లేదు, కానీ "సరిగ్గా కుదిరింది" అనిపించేదాకా అదే కదలికను మళ్లీ మళ్లీ చేయడం. ఇవి టిక్కో ఓసీడీయో చెప్పడం నిపుణులకూ కష్టమే. కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చేద్దామని పట్టుపట్టకండి.

గొంతు శబ్దాల్లో కూడా ఇదే చిక్కు. ఎవరో అన్న మాటను తిరిగి అనడం, ఎకోలేలియా, ఆటిజంలో చాలాసార్లు ఒక పనికొస్తుంది. జవాబివ్వడానికి సమయం తెచ్చుకోవడానికి, విన్నదాన్ని అర్థం చేసుకోవడానికి, ఒక్కోసారి అదే జవాబు కూడా. టిక్‌గా వచ్చే మాటకు అలాంటి పని ఏదీ ఉండదు, వాక్యం మధ్యలో వచ్చి పడుతుంది. బయటినుంచి వింటే రెండూ ఒకటే. లోపలినుంచి చెప్పగలిగింది ఆ మనిషే.

ఇంత వివరం దేనికి అంటారా? ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు. స్టిమ్మింగ్‌ను, మనిషికి గాయం కానంతవరకు, వదిలేయాలి. వదిలేయడమే కాదు, దానికి చోటివ్వాలి. టిక్‌కు శిక్షణ ఉంది, మందులున్నాయి. ఓసీడీకి వేరే చికిత్స, వేరే మందులు. ఊగడాన్ని టిక్ అనుకుని ఆపించారనుకోండి, ఏమవుతుంది? ఆ మనిషిని కుదురుగా ఉంచే ఊతం పోతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడితో అసలు టిక్స్ పెరుగుతాయి. అప్పుడు "చూశారా, ఇంకా ఎక్కువైంది" అని ఇంకాస్త గట్టిగా ఆపిస్తారు.

పేర్ల సంగతి త్వరగా చెప్పేసి ముందుకెళ్తాను. కదలిక టిక్స్ కనీసం రెండు, శబ్దపు టిక్ కనీసం ఒకటి, మొదలై ఏడాది దాటి, 18 ఏళ్లలోపే మొదలైతే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. అన్నీ ఒకేసారి ఉండాలని లేదు. కదలికలు మాత్రమే, లేదా శబ్దాలు మాత్రమే ఏడాదికి పైగా ఉంటే వేరే పేరు. 1885లో ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ తొమ్మిదిమంది రోగుల గురించి రాశాడు, ఆయన పేరే నిలిచింది. సినిమాల్లో చూపించే బూతులు, వాటిని కోప్రోలేలియా అంటారు, టూరెట్ ఉన్నవాళ్లలో 10 నుంచి 15 శాతం మందిలోనే ఉంటాయి. బూతులు రావట్లేదు కాబట్టి నాది టూరెట్ కాదు అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేసినవాళ్లు మీలో ఉంటే, ఇదిగో, చెప్తున్నాను.

ఒక హెచ్చరిక. చిన్నప్పుడు ఏమీ లేకుండా, పెద్దయ్యాక ఉన్నట్టుండి రోజుల వ్యవధిలో పెద్ద పెద్ద కదలికలు, చేతులు విసరడం, పొడుగాటి మాటలు మొదలైతే, అది వేరే కోవకు చెందిందై ఉండొచ్చు. ఫంక్షనల్ టిక్స్ అంటారు. 2020, 2021 సంవత్సరాల్లో ఇవి చాలా దేశాల్లో పెరిగాయి. ఇవి నటన కాదు. కానీ చికిత్స వేరు, మామూలు టిక్ మందులు వీటికి పెద్దగా పనిచేయవు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు కూడా. అలాగే కొత్తగా ఏదైనా మానసిక వైద్యం మందు మొదలుపెట్టాక నోరు, నాలుక, దవడ వాటంతటవే కదులుతుంటే అది మందు వల్ల వచ్చిందేమో చూడాలి. కదలిక వచ్చినప్పుడు తెలివి తప్పడం, పిలిస్తే పలక్కపోవడం ఉంటే మూర్ఛేమో చూడాలి. ఈ మూడింటిలో ఏది ఉన్నా న్యూరాలజిస్టును కలవాల్సిందే.

రాసుకోవడం ఎలా

టిక్స్ పెరిగి తగ్గుతుంటాయి. వారాల పాటు ఎక్కువ, వారాల పాటు తక్కువ. దీనివల్ల ఒక మోసం జరుగుతుంది. మనం కొత్త ఉపాయం ఎప్పుడు మొదలుపెడతాం? బాగా ఎక్కువైనప్పుడు. ఎక్కువైనది కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గుదల పేరు మనం తింటున్న చూర్ణానికో, కట్టుకున్న తాయెత్తుకో, కొన్న బిళ్లకో వస్తుంది. ఇంతమంది ఇన్ని రకాల వాటితో తగ్గిందని ప్రమాణం చేసి చెప్తారే, వాళ్లేం అబద్ధాలాడట్లేదు. సమయం అలా కలిసొచ్చింది. కాబట్టి ఏది మొదలుపెట్టినా నెల రోజులైనా రాసుకోకుండా పనిచేసిందనీ అనకండి, పనిచేయలేదనీ అనకండి.

ఎలా రాయాలి? రోజంతా లెక్కపెట్టడం వద్దు. లెక్కపెడుతుంటేనే పెరుగుతాయి. రోజూ ఒకే వేళ పదిహేను నిమిషాలు, ఒక్క టిక్ గురించి మాత్రమే. నాలుగు గళ్లు చాలు. ఎక్కడ ఉన్నాను. దానికి ముందు ఏం జరిగింది. దాని తర్వాత ఎవరేం చేశారు. నొప్పి లేదా ఇబ్బంది సున్నా నుంచి పదిలో ఎంత. ఆ మూడో గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు, అసలు కీలకం అక్కడే ఉంటుంది. గొంతు శబ్దం రాగానే "మంచినీళ్లు తాగు" అని అమ్మ అంటుందా? సహోద్యోగి నవ్వుతాడా? మీటింగులోంచి బయటకు పంపేస్తారా? పంపేస్తే, ఆ మీటింగు మీకు నరకమైతే, టిక్ వల్ల మీకు విశ్రాంతి దొరికినట్టే కదా. అలా దొరికిన విశ్రాంతి తెలియకుండానే ఆ టిక్‌ను బలపరుస్తుంది. దీంట్లో మీ తప్పేం లేదు, శరీరం అలా నేర్చుకుంటుంది. పరిష్కారం కూడా సులువే. టిక్ వచ్చినా రాకపోయినా ఆ మీటింగులో పది నిమిషాల విరామం మీకు ముందే రాసి పెట్టి ఉండాలి. అప్పుడు టిక్‌తో పనిలేకుండా విశ్రాంతి దొరుకుతుంది.

రెండు వారాలు రాస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. ఆటిజం ఉన్నవాళ్ల కాగితాల్లో తరచుగా కనిపించేవి చెప్తాను. చొక్కా కాలరు, మెడ వెనక లేబులు. ఇవి మెడ టిక్‌ను రెచ్చగొడతాయి. లేబులును కత్తిరిస్తే కుట్టు దగ్గర గరుకు ముక్క మిగులుతుంది, అది ఇంకా పొడుస్తుంది. కుట్టు విప్పి తీయాలి. ట్యూబులైట్ మిణుకు, కళ్ల టిక్స్. ఒకరి మీద ఒకరు మాట్లాడే గది. అనుకున్న కార్యక్రమం చివరి నిమిషంలో మారడం. నిద్ర తగ్గడం. వేడి కొందరికి. ఆశ్చర్యం ఏంటంటే సంతోషం, ఉత్సాహం కూడా పెంచుతాయి. ఇష్టమైన విషయం గురించి ఎవరైనా అడిగారనుకోండి, మాటతోపాటు టిక్సూ పొంగుతాయి. మరి ఇష్టమైన పనిలో ఒంటరిగా మునిగిపోయినప్పుడో? చాలామందికి దాదాపు మాయమవుతాయి. "అప్పుడు రాలేదుగా, ఇప్పుడెందుకు వస్తోంది, కావాలని చేస్తున్నావు" అని ఇంట్లో అనేది సరిగ్గా ఇందుకే. కావాలని కాదు. టిక్స్ స్వభావమే అది.

శిక్షణ, దానికి చేయాల్సిన మార్పులు

ఇప్పుడు శిక్షణ. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు హ్యాబిట్ రివర్సల్, అంటే అలవాటును మళ్లించే పద్ధతి ప్రచురించారు. దాని మీద కట్టిందే ఇప్పటి సీబీఐటీ, టిక్స్ కోసం తయారైన సమగ్ర ప్రవర్తన శిక్షణ. పెద్దవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. 122 మంది, పది వారాల్లో ఎనిమిది సిటింగులు. శిక్షణ తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి బాగా మెరుగైంది, మామూలు కౌన్సెలింగు తీసుకున్నవాళ్లలో 6 శాతం మందికి. మంచి ఫలితమే. కానీ తిప్పి చదవండి. నూటికి అరవై మందికి పైగా అంత మెరుగు రాలేదు. కాబట్టి మీకు పనిచేయకపోతే "నేను సరిగ్గా చేయలేదు" అనుకోవద్దు. మెజారిటీలో ఉన్నారంతే.

పద్ధతి ఏంటి? మొదట టిక్ రాబోతున్న సంగతి పసిగట్టాలి. పసిగట్టిన వెంటనే, టిక్‌తో పాటు చేయడం సాధ్యంకాని వేరే చర్య ఒకటి చేయాలి. ఒక నిమిషం, లేదా అర్జ్ దిగిపోయేదాకా, ఏది ఎక్కువైతే అది. దీన్ని ఎదురు చర్య అందాం.

మెడ విదిలింపుకు ఒకసారి అందరం చేద్దాం. టిక్ ఉన్నవాళ్లు వద్దనుకుంటే మానేయండి. వీపు కుర్చీకి ఆనించండి. చూపు ఎదురుగా, కంటి ఎత్తులో ఒక చోట. గడ్డాన్ని ఒక వేలి వెడల్పు వెనక్కి, కాస్త కిందికి. మెడ కండరాలను కొద్దిగా బిగించండి. కొద్దిగా అంటే ఎంత? మీరు పెట్టగల బలంలో నాలుగో వంతు. భుజాలు వదులుగా. ఊపిరి ఆపకండి, చాలామంది ఆపేస్తారు. అలా ఒక నిమిషం. ఎదుటివాళ్లకు మీరు ఏదో చేస్తున్నారని తెలియకూడదు, మాట్లాడుతూ కూడా చేయగలగాలి. అలా కుదిరితేనే సరైన ఎదురు చర్య. ఇక్కడ ఎక్కడ చెడుతుంది? బలంగా బిగిస్తారు. బలంగా బిగిస్తే సాయంత్రానికి మెడ నొప్పి, ఆ నొప్పే రేపటి టిక్‌కు కొత్త కారణం.

కనురెప్పల టిక్‌కు, మూడు నుంచి ఐదు సెకన్లకు ఒకసారి మెల్లగా, మెత్తగా కావాలని రెప్ప వేయడం. ముక్కు ఎగబీల్చేవాళ్లు నోటితో నెమ్మదిగా ఊపిరి పీల్చడం. గొంతు శబ్దాలకు ముక్కుతో మెల్లగా లోపలికి, నోటితో మెల్లగా బయటికి, గొంతు కదలకుండా. భుజం ఎగరేయడానికి, భుజాలు కిందికి దించి మోచేతులు పక్కలకు ఆనించడం. ఒకసారికి ఒకే టిక్ పట్టుకోండి, అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది. అది కాస్త లొంగాక రెండోది.

ఇక మనకు కావాల్సిన అసలు విషయం. ఈ శిక్షణంతా అర్జ్ తెలియడం మీద నిలబడి ఉంది. ఆటిజం ఉన్న చాలామందికి లోపలి సంకేతాలు సరిగ్గా అందవు. ఆకలి తెలియదు, మూత్రం వస్తున్నట్టు ఆఖరి క్షణందాకా తెలియదు. మరి మెడలో బిగింపు ఎలా తెలుస్తుంది? థెరపిస్టు "ఎలా అనిపించింది?" అంటారు. "తెలీదు." "కాస్త ఆలోచించండి." "తెలీదు." మూడో సిటింగుకల్లా "ఈయనకు ఆసక్తి లేదు" అని రాసేస్తారు. ప్రశ్న తప్పు, మనిషి కాదు.

ఏం చేయాలి? లోపలి సంకేతం దొరక్కపోతే బయటి సంకేతం వెతకాలి. ఫోనులో పది నిమిషాలు వీడియో తీయండి, నెమ్మది వేగంలో చూడండి. మెడ విదిలించే ముందు ఏం కదిలింది? చాలాసార్లు ఒక చిన్న కదలిక ముందే ఉంటుంది. గడ్డం కాస్త లేస్తుంది, కన్ను చిన్నగా మూసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. అదే మీ ఘంట. తర్వాత చేతివేళ్లను ఆ కండరం మీద ఆనించి కూర్చుంటే బిగింపు వేళ్లకు తెలుస్తుంది. లోపలినుంచి తెలియనిది చేతికి తెలుస్తుంది. ఇలా రెండు మూడు వారాలు చేశాక కొందరికి లోపలి గుర్తు కూడా నెమ్మదిగా అందుతుంది. అందకపోయినా ఫరవాలేదు. టిక్ వచ్చేశాక కూడా ఎదురు చర్య చేయొచ్చు, తర్వాతిదానికి అడ్డుపడుతుంది. అడిగే తీరు కూడా మార్చాలి. "ఎలా ఉంది" బదులు "దురదా, ఒత్తిడా, వేడా, బిగింపా, ఏదీ కాదా?" అని ఎంచుకోనివ్వండి. లేదంటే ఒళ్లు బొమ్మ గీసి వేలు పెట్టమనండి.

"రిలాక్స్ అవ్వండి" అన్న మాట పనికిరాదు. అది సూచన కాదు. "పళ్లు విడదీయండి, నాలుక కింద పెట్టండి, భుజాలు దించండి, ఆరు లెక్కపెడుతూ ఊపిరి వదలండి." ఇది సూచన. థెరపిస్టులెవరైనా ఇక్కడుంటే, దయచేసి, ప్రతి సిటింగు చివర చేయాల్సింది కాగితం మీద రాసివ్వండి. గది, వేళ, క్రమం మార్చకండి.

ఎదురు చర్య ఎంచుకునేటప్పుడు ఇంద్రియాల సంగతి చూడాలి. అరచేతులు తొడల మీద నొక్కమంటారు. గుడ్డ గరుకు భరించలేని మనిషికి అది శిక్ష. అప్పుడు పిడికిలి మూసి లోపలికే నొక్కుకోవచ్చు. ఇంకో తప్పు, స్టిమ్మింగ్‌కు అడ్డుపడే ఎదురు చర్య ఇవ్వడం. వేళ్లాడించడమే ఆ మనిషికి ఊరట అయినప్పుడు చేతులు కట్టుకుని కూర్చోమనకూడదు. వీలైతే ఆ స్టిమ్‌నే కాస్త మార్చి ఎదురు చర్యగా వాడుకోవచ్చు. చేతి టిక్ ఉన్నవాళ్లకు జేబులో మెత్తటి బంతి నొక్కడం అలాంటిదే.

ఆపుకోవడం గురించి ఒక మాట. ఆపుకుంటే తర్వాత రెట్టింపు వస్తాయని అందరూ అంటారు. కొద్దిసేపు ఆపించి చూసిన ప్రయోగాల్లో, ఆపడం మానేశాక టిక్స్ మొదటి స్థాయికి వచ్చాయి గానీ, అంతకు మించి పెరిగినట్టు సాధారణంగా తేలలేదు. మరి ఇంటికి రాగానే వరద వచ్చినట్టు వస్తాయని అందరూ చెప్పేది అబద్ధమా? కాదు. రోజంతా ఆఫీసులో ఆపుకున్న మనిషి ఇంటికొచ్చి ఆపడం మానేశాడు, పైగా అలసిపోయి ఉన్నాడు, అలసట టిక్స్‌ను పెంచుతుంది. ఆటిజం ఉన్నవాళ్లకు ఇది రెండు పన్నులు. టిక్‌ను దాచాలి, ఆటిజాన్ని కూడా దాచాలి. కళ్లలోకి చూడాలి, మాట వినాలి, మెడను పట్టుకోవాలి. మూడూ ఒకేసారి చేస్తుంటే మీటింగులో ఏం చెప్పారో గుర్తుండదు. రాత్రికి మెల్ట్‌డౌనో, అంటే తట్టుకోలేక బద్దలైపోవడం, షట్‌డౌనో, అంటే మాటా కదలికా ఆగి ముడుచుకుపోవడం. "అంత పనేం చేశావని ఇంత అలసట?" అంటారు ఇంట్లో. పని కాదు, దాచడం.

అందుకే ఎక్కడ దాచాలో ముందే తేల్చుకోండి. ప్రతిచోటా కాదు. ఎక్కడైతే దాచక తప్పదో అక్కడ, అంతసేపే. దానికి ముందూ తర్వాతా ఎవరూ లేని చోట పది నిమిషాలు పెట్టుకోండి. చేతులు, మెడ, గొంతు, స్టిమ్స్, ఏది రావాలంటే అది రానివ్వండి. మిగతాచోట్ల ఒక వాక్యం సిద్ధంగా ఉంచుకుంటే దాచే శ్రమ తగ్గుతుంది. "నాకు టిక్స్ ఉన్నాయి, వాటంతటవే వస్తాయి, మీరు పట్టించుకోనక్కర్లేదు, మాట కొనసాగిద్దాం." ఇంతే. ఆటిజం గురించి చెప్పాలా వద్దా అన్నది వేరే నిర్ణయం, ఒకదాన్ని చెప్పినందుకు రెండోది చెప్పాలని లేదు. ఒత్తిడిలో మాట రానివాళ్లు ఆ వాక్యాన్ని చిన్న కార్డు మీద రాసి ఉంచుకోండి.

మందులు త్వరగా చెప్తాను, ఎందుకంటే మోతాదు మీ డాక్టరు పని. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ ఒక జట్టు. మగత, బీపీ తగ్గడం, లేచి నిలబడితే తల తిరగడం వీటితో రావొచ్చు. ఒక్కసారిగా మానేస్తే బీపీ ఎగబాకుతుంది, కాబట్టి మెల్లగానే దించాలి. రెండో జట్టు అరిపిప్రజోల్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, పిమోజైడ్. బాగా పనిచేస్తాయి, బరువు పెంచుతాయి, దీర్ఘకాలంలో వేరే అసంకల్పిత కదలికలు తెచ్చే ప్రమాదం ఉంది. పిమోజైడ్‌కు ఈసీజీ తప్పదు, కొన్ని యాంటీబయాటిక్స్‌తోనూ కొన్ని డిప్రెషన్ మందులతోనూ కలపకూడదు. ఒకటి రెండు చోట్లే ఉండే గట్టి టిక్‌కు బోటులినం ఇంజక్షన్ ఉంది, దాదాపు మూడు నెలలు పనిచేస్తుంది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. రెండో జట్టు మందులతో అకతీసియా అని ఒకటి వస్తుంది. లోపల కుదురు లేకపోవడం, కూర్చోలేకపోవడం. మామూలు మనిషి "ఒంట్లో కుదురుగా లేదు డాక్టర్" అంటాడు. లోపలి సంగతి మాటల్లో పెట్టలేని ఆటిస్టిక్ మనిషి ఏం చేస్తాడు? గదిలో అటూ ఇటూ తిరుగుతాడు, అరుస్తాడు, నిద్రపోడు. "ఆటిజం ముదిరింది" అని మోతాదు పెంచుతారు. పెంచితే అకతీసియా పెరుగుతుంది. మందు మొదలుపెట్టిన లేదా పెంచిన వారాల్లో కొత్తగా తిరుగుడు కనిపిస్తే, మందు తేదీలు పక్కన పెట్టుకుని డాక్టరుతో మాట్లాడండి.

చీటీలు వచ్చాయి. రెండు చదువుతాను.

"ఏడీహెచ్‌డీ కూడా ఉంది, స్టిమ్యులెంట్ మందు టిక్స్ పెంచుతుందని ఆపేశారు, నిజమేనా?" ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, స్టిమ్యులెంట్ దానికిచ్చే మందు. చాలాకాలం అలాగే అనుకున్నారు. తర్వాత 2015లో అనేక పరీక్షలను కలిపి విశ్లేషిస్తే, మాత్ర తీసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకూ టిక్స్ పెరగడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అవి పిల్లల మీద జరిగిన పరీక్షలు. కొందరిలో పెరగవచ్చు, అది రాసుకుంటేనే తెలుస్తుంది. "టిక్స్ ఉన్నాయి కాబట్టి వద్దు" అని ముందే తలుపు మూయడం మాత్రం సరికాదు, మళ్లీ అడగండి.

రెండోది. "మెడ టిక్ వచ్చినప్పుడు చేతివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, మామూలేనా?" మామూలు కాదు. ఈ చీటీ రాసినవారు, మీరు ఎవరైనా సరే, వినండి. బలమైన మెడ విదిలింపులు ఏళ్ల తరబడి సాగితే మెడలో వెన్నుపాము నొక్కుకునే ప్రమాదం ఉంది. వేళ్ల తిమ్మిరి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టం కావడం, చేతిలోంచి వస్తువులు జారిపోవడం, నడక తూలడం, వీటిలో ఏది ఉన్నా శిక్షణ కోసం ఎదురుచూడొద్దు. ఈ వారంలోనే చూపించుకోండి. చేతులో కాళ్లో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. టిక్ వీడియో ఫోనులో తీసి పట్టుకెళ్లండి, ఎందుకంటే డాక్టరు గదిలో కూర్చున్న పది నిమిషాలూ అది రాకపోవచ్చు. తిమ్మిరి ఎప్పుడు మొదలైందో, ఏ వేళ్లకో, కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. మాట రాకపోయినా కాగితం చెప్తుంది.